చిత్రిక బతికిన రోజులు

మగ్గం మీద కూర్చున్నవాడికి పోగు ఎంత ముఖ్యమో, ఆ పోగు తగిలే చెక్క నునుపూ అంతే ముఖ్యం. నాడె అటూ ఇటూ పరుగెత్తే పలక మీద సన్నటి పేడు ఒక్కటి లేచి ఉన్నా పడుగు తెగుతుంది, నేత ఆగుతుంది, ఆ పూట సంపాదన తగ్గుతుంది. అందుకే చీరాల, పేరాల, వేటపాలెం చుట్టుపక్కల వడ్రంగి పనితనాన్ని అతని చిత్రికను బట్టి చెప్పేవారు. కొత్త పలక పట్టుకెళ్ళడానికి వచ్చిన నేతగాడు ముందుగా ఒక నూలు పోగును దాని మీద ఈ చివర నుంచి ఆ చివరకు లాగి చూసేవాడు. ఎక్కడా పట్టుకోకపోతేనే డబ్బు మాట ఎత్తేవాడు.

మా నాన్న చేసింది ఆ పనే. మగ్గాలు, దోనెలు, పలకలు ఒక ఎత్తు. ద్వారబంధాలు, తలుపులు, పట్టెమంచాలు, ఎడ్లబండ్ల మరమ్మతులు ఇంకో ఎత్తు. రైతులు కళ్ళం దగ్గర కొలిచి ఇచ్చే మేర గింజలు తాతయ్య కాలంతోనే తగ్గిపోయాయి. నాన్న నాటికి చేతిపనికి చేతిలో రొక్కమే. ఇంటి ముందు తాటాకు చావడి, అందులో వేపదుంగతో చేసిన పనిబల్ల, గోడకు కొట్టిన అరమీద వరసగా చిత్రికలు. దుంగ మీద గరుకు తీసేది ఒకటి, పొడుగు పలకల అంచు తిన్నగా చేసేది ఒకటి, చివరి నునుపు తీసేది ఒకటి, గాడి తీసేది ఒకటి, తలుపు చట్రాల అంచులకు సొంపు దిద్దేవి మరికొన్ని. అన్నీ చెక్కవే, అన్నీ నాన్న చేత్తోనో తాతయ్య చేత్తోనో తయారైనవే.

చెక్క చిత్రికలో భాగాలు మూడే. తుమ్మ కొయ్యతోనో జిట్రేగితోనో చేసిన ఒళ్ళు, లోపల ఇనుప బ్లేడు, దాన్ని బిగించే చెక్క చీల. బ్లేడు ఎంత బయటికి రావాలో చూసుకోవడానికి మర లేదు, చక్రం లేదు. ముందు వైపు చిన్న సుత్తితో తడితే బ్లేడు దిగుతుంది, వెనక తడితే లేస్తుంది. ఆ దెబ్బ ఎంత ఉండాలో చేతికి తెలియాలి. అడుగు అరిగి, నోరు పెద్దదైతే బ్లేడు ముందు పీచు ఎగిరి పేళ్ళు లేస్తాయి. అప్పుడు నాన్న నోటి ముందు భాగాన్ని చదరంగా తొలిచి, గట్టి కొయ్య ముక్క ఒకటి పొదిగి, సరేసు కాచి అతికేవాడు. మర్నాటికి చిత్రిక మళ్ళీ కొత్తదే. చీల విరిగితే అరపూట పని. బ్లేడు అరిగిపోతే మాత్రం వీధి చివరికి నడవాలి.

వీధి చివర కమ్మరి కొలిమి ఉండేది. పంచాణం వాళ్ళలో కమ్మరి, వడ్రంగి చుట్టాలే. నాన్నకు ఆయన బావ, నాకు మామయ్య. మామయ్య దగ్గర అరిగిపోయిన ఆకురాళ్ళు, లారీ కమాను పట్టీల ముక్కలు కుప్పగా ఉండేవి. మంచి బ్లేడుకు ఆయన మామూలు ఇనుము వీపు మీద ఉక్కు పలచగా అతికేవాడు. అంచున కోసేది ఉక్కు, వెనక దెబ్బ ఓర్చేది ఇనుము. షెఫీల్డ్ నుంచి వచ్చిన పాత బ్లేళ్ళలోనూ ఇదే పద్ధతి ఉండేదని నాకు చాలా తర్వాత తెలిసింది. ఎర్రగా కాల్చి ముంచేశాక బ్లేడు గాజులా పెళుసుగా ఉంటుంది. దాన్ని రాతి మీద రుద్ది మెరుగు తెచ్చి, మళ్ళీ సన్న సెగ చూపిస్తే రంగు మారుతూ వస్తుంది. లేత గడ్డి రంగు అంచుకు చేరిన క్షణంలో మళ్ళీ ముంచాలి. కొంచెం ఆలస్యమై నీలం పాకిందంటే ఆ అంచు మెత్తబడిపోయినట్టే.

"ఈసారి కాస్త గట్టిగా పెట్టు బావా, తుమ్మ పని ఉంది" అనేవాడు నాన్న.

"గట్టిగా పెడితే అంచు రాలుద్ది బావా. నేను పెట్టినంత నేను పెడతా, మిగతాది నీ సానరాయి చూసుకుంటుంది" అనేవాడు మామయ్య.

దాంతో ఆ బేరం అయిపోయేది. చిత్రికలో ఏది పోయినా ఆ వీధిలోనే దొరికేది. కొనుక్కురావలసిన భాగం అంటూ ఒక్కటీ లేదు.

ఇనుప చిత్రిక మా ఇంటికొచ్చాక ఆ లెక్క మారింది. నాన్న దాన్ని మద్రాసులో మూర్ మార్కెట్టులో కొన్నాడు. చీరాలలో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి సెంట్రల్ స్టేషన్. స్టేషన్ పక్కనే ఎర్రటి మూర్ మార్కెట్టు భవనం. ఆంధ్ర రాష్ట్రం 1953లో విడిపోయినా మా వైపు వాళ్ళకు పట్నం అంటే ఇంకా మద్రాసే. పాత పుస్తకాలు, గ్రామఫోన్ రికార్డులు, గడియారాలు, తాళాలు, పనిముట్లు, ఏది వెతుక్కున్నా అక్కడికే వెళ్ళేవారు. ఆ అంగళ్ళలో నాన్న కంటపడింది ఒక స్టాన్లీ చిత్రిక, 5వ నంబరుది. పద్నాలుగు అంగుళాల పొడవు, రెండంగుళాల బ్లేడు. పోత ఇనుప ఒళ్ళు, నల్లటి పూత, రోజ్‌వుడ్ పిడి, ముందు గుబ్బ. నాన్నకు ఇంగ్లీషు రాదు. ఇంటికొచ్చాక దాని మీద పోతలో ఉన్న అక్షరాలు నాచేత చదివించుకున్నాడు. ముందు వైపు బెయిలీ అని ఉంది. బ్లేడు ఆనుకునే దిమ్మ వెనకాల మూడు తేదీలు ఉన్నాయి. రెండు 1902వి, చివరిది 1910 ఏప్రిల్ 19. అవి పేటెంట్ల తేదీలని మా స్కూలు మేష్టారు చెప్పారు. అంటే ఆ చిత్రిక 1910 తర్వాత అమెరికాలో పోత పోసినది. నాన్న కంటే పెద్దది.

లియోనార్డ్ బెయిలీ అనే ఆయన 19వ శతాబ్దం నడుమ ఈ రకం చిత్రికను రూపొందించాడు. కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ బ్రిటన్ ఊళ్ళో ఉన్న స్టాన్లీ కంపెనీ 1869లో ఆయన పేటెంట్లు కొనుక్కుంది. అప్పటి నుంచి ప్రపంచంలో వచ్చిన ఇనుప చిత్రికల్లో చాలామటుకు ఆ పోలికే. షెఫీల్డ్‌లో హాంప్టన్ల కంపెనీ 1931 నుంచి రికార్డ్ పేరుతో చేసినవీ అవే. నంబరు ముందు ఒక సున్నా చేర్చి 04, 05 అని వేసేవారు. మన జలంధర్‌లో తయారైనవీ అదే వరసలోవే. బ్లేడు నలభై అయిదు డిగ్రీల వాలున దిమ్మ మీద ఆనుకుని ఉంటుంది. దాని వీపున ఇంకో ఇనుప రేకు, పీచు పైకి లేవకముందే విరిచేయడానికి. వాటి మీద లివర్ మూత. వెనకాల పిడి ముందు ఒక ఇత్తడి చక్రం. వేలితో ఆ చక్రం తిప్పితే బ్లేడు వెంట్రుకవాసి దిగుతుంది, లేస్తుంది. పైన చిన్న మీటను పక్కకు జరిపితే బ్లేడు వంకర తీరుతుంది. సుత్తి దెబ్బతో పని లేదు.

నాన్న దాన్ని చూసి మురిసిపోయాడు. పలక పని దానితోనే చేసేవాడు. పొట్టు రిబ్బను లాగా పలకంత పొడుగున చుట్టలు తిరిగి వచ్చేది. కానీ దానిలోని ప్రతి ముక్కా ఎక్కడో పుట్టినది. ఒక్కొక్కటి అరిగేకొద్దీ ఆయన వెతుకులాట మొదలైంది.

ముందు విరిగింది పిడి. అది తేలికైన సంగతి. ఇనుప చిత్రికలన్నిటికీ ముందు విరిగేది పిడే, బల్ల మీద నుంచి జారి పడితే పైనున్న కొమ్ము పోతుంది. నాన్న జిట్రేగి ముక్క తీసుకుని, పీచు ముందు నుంచి వెనక్కి తిన్నగా సాగేలా చూసి కొత్త పిడి చెక్కాడు. పీచు అడ్డంగా పడితే ఆ వంపు దగ్గర మళ్ళీ విరుగుతుంది. కష్టమైనది పిడి లోపల నుంచి దిగే ఇనుప కడ్డీ. దాని మరలు అంగుళానికి ఇరవై. కడ్డీ లావు మాత్రం ఏ బోల్టుకూ సరిపోనిది, పావు అంగుళం కంటే కొంచెం సన్నం. స్టాన్లీ వాళ్ళు తమ మరలు తమకే ప్రత్యేకంగా పెట్టుకున్నారు. పావు అంగుళం విట్‌వర్త్ బోల్టుకు కూడా అంగుళానికి ఇరవై మరలే. ఆ సంగతి తెలిసిన మా ఊరి లేతు మేస్త్రి చిత్రిక ఒంట్లో ఉన్న రంధ్రాన్ని కొంచెం పెంచి, పావు అంగుళం ట్యాపు వేసి, పావు అంగుళం కడ్డీ బిగించాడు. పోత ఇనుము పగలకుండా ఆ పని చేయడానికి ఓర్పు కావాలి. ఆ మేస్త్రికి అది ఉండేది.

తర్వాత అరిగింది బ్లేడు. సాన పట్టీ పట్టీ మధ్యలోని గాడి దాకా వచ్చేసింది. మామయ్య కొత్తది చేసిచ్చాడు. కానీ ఆయన చేతి బ్లేడు మందం. ఇనుప చిత్రిక నోట్లో పట్టాలంటే బ్లేడు పలచగా, రెండు మిల్లీమీటర్ల పైన కాస్తంత మాత్రమే ఉండాలి. మందమైనది పెడితే పొట్టు బయటికి రాదు, నోట్లోనే ఇరుక్కుంటుంది. ఇనుప చిత్రిక నోటిని ఆకురాయితో పెద్దది చేస్తే మళ్ళీ చిన్నది చేయడం కుదరదు. అందుకని నాన్న పాత చిత్రికల్లోంచి బ్లేళ్ళు వెతకడం మొదలుపెట్టాడు. రికార్డ్ బ్లేడు, జలంధర్ బ్లేడు, ఏదైనా రెండంగుళాల వెడల్పుదైతే చాలు, స్టాన్లీలో కూర్చుంటుంది. వీపు రేకుతో మాత్రం జాగ్రత్త ఉండాలి. ఇత్తడి చక్రం కదిపే కొక్కెం దూరే రంధ్రం ఒక్కో తయారీలో ఒక్కోచోట ఉంటుంది. అది అటూ ఇటూ అయితే బ్లేడు పూర్తిగా దిగదు, లేదా పూర్తిగా లేవదు. అంగట్లో నాన్న బ్లేళ్ళ పదును చూసేవాడు కాదు. తుప్పు తొలగించి వీపున ఎంత ఉక్కు మిగిలిందో, అంచు దగ్గర తుప్పు గుంటలు పడ్డాయో లేదో చూసేవాడు. వెనక వైపు గుంట ఉంటే దాన్ని ఎంత సాన పట్టినా అంచు రాదు.

మూర్ మార్కెట్టుకు వెళ్ళేటప్పుడు ఆయన సంచిలో మాసిన పంచె ముక్కలో చుట్టిన విరిగిన భాగం ఉండేది. దానితోపాటు రేకు మీద గీసి కత్తిరించిన నమూనా ఒకటి. అంగడివాడు "ఏం కావాలన్నా?" అనగానే మాటలతో చెప్పేవాడు కాదు, మూట విప్పి ముక్క చూపించేవాడు. ఆ అంగళ్ళలో కూర్చునే పెద్దవాళ్ళకు ఆ ముక్క చాలు. బుట్టలో చెయ్యి పెట్టి, గుప్పెడు తుప్పు ముక్కల్లోంచి అలాంటిదే తీసి ఇచ్చేవారు. తమ దగ్గర లేకపోతే "వెనక వరసలో ఉంది, నా పేరు చెప్పు" అనేవారు. నన్ను వెంట తీసుకెళ్ళిన రోజుల్లో ఆ మనుషుల జ్ఞాపకశక్తి చూసి ఆశ్చర్యపోయేవాణ్ణి. రైల్వే వర్కుషాపులు, దొరల ఇళ్ళు, కండెమ్ చేసిన సరుకుల వేలాలు, ఎక్కడ నుంచి ఏ పనిముట్టు వచ్చిందో ఒక్కొక్కరికీ గుర్తుండేది. వాళ్ళు తూకానికి అమ్మేవారు కాదు, ముక్క విలువ తెలిసి అమ్మేవారు. ధర ఎక్కువ చెప్పినా సరైన ముక్క ఇచ్చేవారు.

అసలు పరీక్ష ఇత్తడి చక్రంతో వచ్చింది. ఏళ్ళ తరబడి తిరిగి దాని లోపలి మరలు అరిగిపోయాయి. చక్రం తిరుగుతుంది, బ్లేడు కదలదు. ఆ మర ఎడమ చుట్టు. పైగా దాని లావు తొమ్మిది ముప్ఫై రెండో వంతు అంగుళం, మరలు అంగుళానికి ఇరవై నాలుగు. మన దేశంలో 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చి, 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ పద్ధతి అమలు మొదలైంది. కొత్త బోల్టులు, నట్లు, ట్యాపులు అన్నీ మిల్లీమీటర్లలోకి మారుతూ వచ్చాయి. ఏడు మిల్లీమీటర్ల నట్టు చక్రం తిరిగే కడ్డీ పక్కన పెడితే సరిపోతుందనే అనిపిస్తుంది. కొలిస్తే కడ్డీయే ఒక పిసరు లావు, మరల మధ్య దూరమూ కలవదు, దాని మీద అది ఎక్కదు. అదీ కుడి చుట్టు మర. ఎడమ మర అడిగితే హార్డ్‌వేర్ షాపులో తలలు అడ్డంగా ఊపేవారు.

మూర్ మార్కెట్టులో నాన్నకు దొరికింది ఇత్తడిది కాదు, నల్లటి గట్టి రబ్బరు చక్రం. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇత్తడి అంతా యుద్ధ అవసరాలకు పోతుంటే, స్టాన్లీ వాళ్ళు కొన్నాళ్ళు రబ్బరుతోనూ ఇనుముతోనూ ఆ చక్రాలు చేశారు. అలాంటి ఏ చిత్రిక నుంచో ఊడి వచ్చిన చక్రం అది. నాన్న అక్కడే మూట విప్పి, కడ్డీ మీద తిప్పి చూశాడు. ఎక్కడా పట్టకుండా చివరిదాకా వెళ్ళింది. ఆ యుద్ధకాలపు చక్రంతో మా ఇంట్లో చాలా ఏళ్ళు పని నడిచింది.

1985 మే 30న మూర్ మార్కెట్టు కాలిపోయింది. పేపర్లో ఫోటో చూసి నాన్న చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత రబ్బరు చక్రం పెళుసెక్కి పగిలినప్పుడు వెళ్ళడానికి ఆ చోటు లేదు. అప్పుడు మా ఊరి లేతు మేస్త్రే దారి చూపాడు. ఎడమ మర ట్యాపు ఎక్కడా దొరకదు కనక దాన్నే ముందు తయారుచేశాడు. ఉక్కు కడ్డీ మీద లేతు మిషనుతో అంగుళానికి ఇరవై నాలుగు చొప్పున ఎడమ మర కోశాడు. ఆకురాయితో దానికి నిలువు గాళ్ళు తీశాడు. కొలిమి దగ్గరికి తీసుకెళ్ళి మామయ్య చేత పదును పెట్టించాడు. ఆ ట్యాపుతో ఇత్తడి దిమ్మలో మర వేసి, చుట్టూ పట్టుకు గరుకు గీతలు కోసి చక్రం చేశాడు. ఒక చిన్న చక్రం కోసం ఇనుము పని తెలిసినవాడు, లేతు తెలిసినవాడు, చెక్క తెలిసినవాడు ముగ్గురూ ఒకచోట కూడారు. ఆ చక్రం ఇప్పటికీ తిరుగుతోంది.

నేను ఉద్యోగానికి హైదరాబాదు వచ్చాక అక్కడ గురువారం పూట జరిగే జుమ్మేరాత్ బజార్‌లో వెతికేవాణ్ణి. చిత్రికను అక్కడ రందా అంటారు. మొదట్లో నేల మీద పరిచిన గోనెల మీద పాత రందాలు, ఊడదీసిన బ్లేళ్ళు, లివర్ మూతలు కనిపించేవి. ఆ ఊళ్ళోని లాలాగూడ రైల్వే వర్కుషాపు 19వ శతాబ్దం చివర నిజాం రైల్వే కట్టినది. రైలు పెట్టెలు చెక్కతో కట్టిన కాలంలో అలాంటి వర్కుషాపుల్లో వడ్రంగుల పని ఎంత ఉండేదో ఊహించవచ్చు. 1955లో పెరంబూరులో ఉక్కు పెట్టెల ఫ్యాక్టరీ మొదలయ్యాక ఆ పని తగ్గుతూ వచ్చింది. ఆ తరం పనిముట్లు కొంతకాలం బజారులో కనిపించాయి, తర్వాత అవీ తగ్గాయి. దొరికినవి కూడా ఇప్పుడు కిలోల లెక్కన అమ్ముతున్నారు. ముక్క చూపిస్తే జోడు తీసిచ్చే మనిషి లేడు.

మగ్గాలు తగ్గాయి. ప్లైవుడ్, లామినేట్ వచ్చాక చిత్రిక పట్టవలసిన చెక్కే తక్కువైంది. ఉన్న కాస్త పనికి కరెంటు మిషను ఉంది. అది వేగంగా పని చేస్తుంది, కష్టం తగ్గించింది, దాన్ని నేను తప్పుపట్టను. మా నాన్న భుజాల నొప్పి నాకు తెలుసు. నా బాధల్లా ఒకటే. మామయ్య కొలిమి ఆరిపోయాక ఆ గడ్డి రంగు ఎప్పుడు ఆపాలో తెలిసిన కన్ను మా వీధిలో లేదు. లేతు మేస్త్రి పోయాక ఆ ఎడమ మర ట్యాపు ఏమైందో ఎవరికీ తెలియదు. వాళ్ళలో ఎవరి పిల్లలూ ఆ పనిలోకి రాలేదు. నేనూ రాలేదు.

అమెరికాలో ఉంటున్న మా మేనల్లుడు సెలవు రోజుల్లో చెక్కపని నేర్చుకుంటున్నాడు. అక్కడ ఇవే స్టాన్లీ చిత్రికలకు ఒక్కొక్క భాగం విడిగా దొరుకుతుందట. విరిగిన చిత్రికను పారేయకుండా విడదీసి మరలు, చక్రాలు, పిళ్ళు వేరువేరుగా అమ్ముతారట. కొత్త బ్లేళ్ళు కూడా పాత కొలతలకే చేస్తున్నారు. నూరేళ్ళ నాటి పనిముట్టు ఇవాళ్టి బల్ల మీద నిలబడటానికి అక్కడ అది చాలింది. మన దగ్గర ఆ పని మూర్ మార్కెట్టు పెద్దమనుషులు, మా మామయ్య లాంటివాళ్ళు ఎవరూ చెప్పకుండానే చేశారు.

మీ ఇంటి అటక మీద తాతగారి చిత్రిక ఉంటే దాన్ని పాత ఇనుము బండివాడికి తూకానికి వేయకండి. ఒళ్ళు పగిలి ఉన్నా బ్లేడు, వీపు రేకు, లివర్ మూత, ఇత్తడి చక్రం, మరలు ఇంకో చిత్రికకు ప్రాణం పోస్తాయి. వాటిని కిరసనాయిలుతో తుడిచి, నూనె రాసి, ఒక్క ముక్క పోకుండా ఒకే డబ్బాలో పెట్టండి. మీకు అక్కర్లేకపోతే దగ్గర్లోని ఐటీఐలో వడ్రంగం చెప్పే మేష్టారికో, ఇంకా చేత్తో పని చేస్తున్న వడ్రంగికో ఇవ్వండి. పని తెలిసిన పెద్దలు ఇంట్లో ఉంటే, వాళ్ళు ఆ బ్లేడు ఎలా సాన పడతారో మీ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టి చూపించమని అడగండి. ముక్కలు భద్రంగా ఉంటే, పని తెలిసిన చేతులు రెండైనా మిగిలితే, ఆ చిత్రిక ఇంకో నూరేళ్ళు పనిచేస్తుంది.